ప్లీహం తీసేయాలా, ఉంచి చూడాలా?

కర్నూలు దగ్గర 44వ నంబరు హైవే మీద బైక్ జారి మా బావకు హ్యాండిల్ ఎడమ డొక్కలో గట్టిగా తగిలింది. పైకి చిన్న కమిలిన మచ్చే. కానీ ఎడమ భుజం నొప్పి అన్నాడు. లోపల కారిన రక్తం, ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డంగా ఉండే కండరమైన డయాఫ్రమ్‌కు తగిలితే నొప్పి అక్కడ తెలుస్తుందట. సీటీ స్కాన్‌లో ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండి, ఇన్ఫెక్షన్లను అడ్డుకోవడంలో సాయపడే అవయవం) చిట్లిందని తేలింది.

బీపీ నిలకడగా ఉంటే కోయకుండా ఐసీయూలో పెట్టి నాడి, బీపీ, హిమోగ్లోబిన్ మళ్లీ మళ్లీ చూస్తారు. వీలైతే ఈ దారే మేలని నా నమ్మకం, ఎందుకంటే ప్లీహం లేనివాళ్లకు న్యుమోకోకస్ లాంటి బ్యాక్టీరియా ప్రాణం మీదికి తెస్తుంది. అయితే కొన్ని రోజుల తర్వాత కూడా మళ్లీ రక్తస్రావం కావచ్చు. అందుకే ఇంటికొచ్చాక డాక్టర్ చెప్పేదాకా బరువులెత్తకూడదు.

రక్తం ఎక్కిస్తున్నా బీపీ పడిపోతుంటే మాత్రం ఆపరేషనే. ప్లీహం తీసేస్తే టీకాలు తప్పనిసరి. ఆపైన జీవితాంతం, జ్వరం వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.