కాన్పు సెలవు జీతం: ఓనర్ ఇస్తే మేలా, ఈఎస్ఐ ఇస్తే మేలా?

మెటర్నిటీ లీవ్ అనగానే అందరూ 26 వారాలు 26 వారాలు అంటారు గానీ ఆ 26 వారాల జీతం ఎవరి జేబులోంచి వస్తుందో మాత్రం ఎవరూ అడగరు, నన్నడిగితే అసలు పేచీ అంతా అక్కడే ఉంది.

మన దగ్గర ఉన్నవి రెండు దారులు. కంపెనీకి ఈఎస్ఐ, అంటే ఉద్యోగీ ఓనరూ ఇద్దరూ నెలనెలా వాటా కట్టే ప్రభుత్వ ఇన్సూరెన్స్, ఉండి జీతం నెలకి 21,000 దాటకపోతే డబ్బు ఈఎస్ఐ వాళ్ళిస్తారు, దాటితే 1961 ప్రసూతి చట్టం ప్రకారం ఓనరే ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి ఈ రెండూ సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం కిందికి వచ్చాయి, రూల్స్ చాలావరకు పాతవే. ఎటు చూసినా మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలే, ఆ తర్వాత కాన్పుకి 12.

ముందు ఓనర్ సంగతి చూద్దాం. అమ్మాయి జీతం 30,000 అనుకోండి, ఆర్నెల్లకి దగ్గర దగ్గర లక్షా ఎనభై వేలు, పైగా ఆ సీట్లో ఇంకొకర్ని పెట్టుకుంటే వాళ్ళ జీతం వేరే. గచ్చిబౌలిలో పెద్ద ఐటీ కంపెనీకి ఇదో లెక్క కాదు, కానీ పది పన్నెండు మందితో నడిచే డయాగ్నస్టిక్ ల్యాబ్ వాడికి నొప్పి తెలుస్తుంది. లీవ్‌లో ఉన్నప్పుడు ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు, అది వాడికీ తెలుసు, అందుకే ఇంటర్వ్యూలోనే "పెళ్ళయిందామ్మా, పిల్లల సంగతేంటి" అని కూపీ లాగి ఊరుకుంటాడు. ఉద్యోగం ఎందుకివ్వలేదో నిరూపించడం ఎవరి తరం?

ఈఎస్ఐలో ఆ బాధ లేదు. 20,000 జీతం మీద ఉద్యోగి వాటా 0.75 శాతం అంటే 150, ఓనర్ వాటా 3.25 శాతం అంటే 650. పక్క సీట్లో అదే జీతానికి చేసే మగాడి మీద కూడా అదే 650 కట్టాలి, అంటే ఆడమనిషిని పెట్టుకున్నందుకు ఓనర్ కట్టేది పైసా పెరగదు. నాకు నచ్చింది ఇదే. 2000లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 183వ ఒప్పందం కూడా ఈ భారం ఒక్క యజమాని మీద పడకూడదు, ఇన్సూరెన్స్ నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలి అంటుంది, ఇండియా ఇంకా దాన్ని ఆమోదించలేదనుకోండి.

అలాగని ఈఎస్ఐ అంతా బంగారం కాదు. సర్టిఫికెట్లు, క్లెయిములు, డిస్పెన్సరీ చుట్టూ తిరగడాలు, అదంతా ఓ తలనొప్పి. దానికంటే పెద్ద లోపం ఆ 21,000 గీత, 2017 జనవరి నుంచీ అక్కడే ఉంది. 20,500 నుంచి 22,000కి హైక్ వచ్చిందంటే ఆ ఆర్నెల్ల కాంట్రిబ్యూషన్ పీరియడ్ అయ్యాక కటింగ్ ఆగిపోతుంది, ఇంకొన్నాళ్ళకి కాన్పు ఖర్చు మొత్తం ఓనర్ నెత్తిన పడుతుంది. జీతం పెరిగితే ఓనర్ కళ్ళకి ఆ అమ్మాయి బరువైపోవడం ఏం న్యాయమండీ!

ఆడవాళ్ళకి రిజర్వేషన్ ఇచ్చాం కదా ఇంకా ఇదెందుకు అనేవాళ్ళుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు ఉద్యోగాల్లో ఇచ్చిన 30 శాతాన్ని 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది, మంచిదే, కానీ అలాంటివి తాత్కాలిక చర్యలు, సమానత్వం వచ్చాక ఎత్తేయాల్సినవి. మహిళల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం, అదే సీడా, నాలుగో ఆర్టికల్‌లో ఆ మాట చెప్పి కాన్పు రక్షణని విడిగా పెట్టింది. కాన్పులు ఎప్పటికీ ఉండేవే కాబట్టి దానికి నిధి కూడా ఎప్పటికీ ఉండేదే కావాలి.

కూలికెళ్ళేవాళ్ళకి, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఈ రెండూ అందవు. ప్రధాన మంత్రి మాతృ వందన యోజన మొదటి బిడ్డకి ఇచ్చే 5,000ని 26 వారాలకి పంచితే వారానికి 200 కూడా రాదు.

కాబట్టి నా ఓటు ఈఎస్ఐ పద్ధతికే, కాకపోతే ఆ గీత ఎత్తేసి జీతం ఎంతున్నా అందరినీ అందులోకి తేవాలి. ఈలోగా మీరైతే పే స్లిప్‌లో ఈఎస్ఐ కటింగ్ ఉందో లేదో చూసుకోండి, హైక్ వచ్చి 21,000 దాటుతుంటే కాన్పు జీతం ఎవరిస్తారో హెచ్ఆర్ చేత మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట నమ్మకండి.