జీన్స్, జబ్బులు, పరిశోధన: డాక్టర్ చదువా, పీహెచ్‌డీనా, రెండూనా?

మనుషుల జీన్స్ మీద, వాటిలో తేడాల వల్ల వచ్చే జబ్బుల మీద పనిచేయాలనుకునే వాళ్ల ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. వైద్యం చదివి జెనెటిక్స్ క్లినిక్‌లో కూర్చోవడం ఒకటి. పీహెచ్‌డీ చేసి ల్యాబ్‌లో స్థిరపడటం రెండోది. వారంలో కొంత క్లినిక్, మిగతాదంతా ల్యాబ్ అన్నట్టు నడిచే డాక్టర్-సైంటిస్టు ఉద్యోగం మూడోది. వినడానికి మూడోదే ఘనంగా ఉంటుంది. ‘రెండూ వస్తే మంచిదేగా’ అని ఇంట్లోవాళ్లూ అంటారు, మనకూ అనిపిస్తుంది. నేనైతే డిగ్రీలు లెక్కపెట్టను. మనకు ప్రశ్న ఎక్కడ పుడుతుంది, దాని వెంట పడటానికి టైమ్ ఎవరిస్తారు అని చూస్తాను. ఈ రెండూ తెలిస్తే చాలావరకు తేలిపోతుంది.

ఒకే రిపోర్టు, ముగ్గురి చేతుల్లో

నాలుగేళ్లొచ్చినా సరిగ్గా నడవలేని, మాటలు రాని పాపను క్లినిక్‌కు తెచ్చారనుకుందాం. డాక్టర్ ముందు కాగితం మీద వంశవృక్షం గీస్తారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, తల్లిదండ్రులు దగ్గరి రక్తసంబంధీకులైతే మధ్యలో జంట గీత, పాప దగ్గర ఒక బాణం గుర్తు. తర్వాత టేపుతో తల చుట్టుకొలత తీస్తారు. కళ్ల మధ్య ఎడం ఎంత, చెవులు ఏ ఎత్తులో ఉన్నాయి, అరచేతి గీతలెలా ఉన్నాయి, ఒంటి మీద మచ్చలున్నాయా, అన్నీ చూస్తారు. రక్తం తీసి ఎక్సోమ్ పరీక్షకు పంపుతారు. అంటే ప్రోటీన్ల తయారీకి సంబంధించిన జీన్ భాగాలన్నిటినీ అక్షరం అక్షరం చదివించడం. కొన్నాళ్లకు రిపోర్టు వస్తుంది: ఫలానా జీన్‌లో ఒక అక్షరం మారింది, దాని ప్రభావం ఏమిటో తెలియదు.

ఇలాంటి మార్పులను ఐదు వర్గాలుగా విడగొట్టే పద్ధతిని 2015లో అమెరికా వైద్య జన్యునిపుణుల సంఘాలు ప్రకటించాయి. ఒక చివర జబ్బు తెచ్చే మార్పు, మరో చివర హాని లేని మార్పు. మన పాపది సరిగ్గా నడిమి వర్గం. తల్లిదండ్రులకు దీన్ని వివరించడమంత కష్టమైన పని ఆ క్లినిక్‌లో మరొకటి ఉండదు. ఏదో దొరికిందంటాం, అదే కారణమా అంటే చెప్పలేం.

క్లినిక్‌కే పరిమితమైన డాక్టర్ ఇక్కడ తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షకు పంపుతారు. ఆ మార్పు ఇద్దరిలోనూ లేకుండా పాపలోనే కొత్తగా వచ్చిందంటే అనుమానం బలపడుతుంది. తర్వాత మళ్లీ రమ్మని, కొత్త సమాచారం వచ్చిందేమో చూస్తారు. పీహెచ్‌డీ చేసిన శాస్త్రవేత్తకు ఇదే మార్పు కంప్యూటర్‌లో ఒక వరుసగా కనిపిస్తుంది. ఆ అక్షరం మారితే ప్రోటీన్ ఆకారం ఏమవుతుంది, ఎలుకలోనో చేపలోనో అదే మార్పు పెడితే ఏం జరుగుతుంది అన్నది ఆయన దృష్టి. డాక్టర్-సైంటిస్టు అయితే తల్లిని అడిగి పాప ఒంటి నుంచి మూడు మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసుకుంటారు. దాన్ని డిష్‌లో పెంచి, వారాల తర్వాత తన ల్యాబ్‌లోనే పరీక్షించి, ఫలితం తేలితే మళ్లీ అదే తల్లికి తానే చెబుతారు. ఈ ఉద్యోగంలోని ఆకర్షణ అంతా ఆ రాకపోకల్లోనే ఉంది.

డాక్టర్లు పట్టినవి, డాక్టర్లు కానివాళ్లు పట్టినవి

ఈ రంగం మొదలైందే ఒక డాక్టర్‌తో. గాలి తగిలాక మూత్రం నల్లబడే ఆల్కాప్టోన్యూరియా అనే అరుదైన లక్షణం ఉన్నవాళ్ల తల్లిదండ్రులు చాలాసార్లు దగ్గరి బంధువులని లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ గమనించారు. 1902లో దాని మీద వ్యాసం ప్రచురించారు. కానీ అది వంశపారంపర్య నియమాలు కనిపెట్టిన మెండెల్ చెప్పిన లెక్కకు సరిపోతుందని ఆయనకు సూచించింది విలియం బేట్సన్, డాక్టర్ కాని జీవశాస్త్రజ్ఞుడు. ఆ మొదటి అడుగే ఇద్దరు కలిసి వేసింది. తర్వాతి చరిత్ర కూడా దాదాపు ఇలాగే సాగిందని నా అభిప్రాయం.

పీహెచ్‌డీ వైపు బలం తక్కువేం కాదు. కుటుంబాల్లో నడిచే రొమ్ము క్యాన్సర్ వెనక 17వ క్రోమోజోమ్ మీద ఒక జీన్ ఉందని 1990లో చూపించిన మేరీ-క్లెయిర్ కింగ్ డాక్టర్ కారు. 1989లో ఊపిరితిత్తులను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ జీన్‌ను పట్టుకున్న బృందాల సారథులు ముగ్గురిలో లాప్-చీ సుయ్, జాన్ రియోర్డన్ ఇద్దరూ పీహెచ్‌డీలే. మూడో మనిషి ఫ్రాన్సిస్ కాలిన్స్ మాత్రం కెమిస్ట్రీలో పీహెచ్‌డీ పూర్తిచేశాక వైద్యం చదివారు. క్రిస్పర్‌తో జీన్‌ను కత్తిరించే పద్ధతికి 2020 నోబెల్ అందుకున్న డౌడ్నా, షార్పాంటియే ఇద్దరూ రోగిని చూసే వృత్తిలో లేరు. పైగా ఇప్పుడు యూకే బయోబ్యాంక్ లాంటి చోట్ల 5 లక్షల మంది ఆరోగ్య వివరాలు, జీన్ సమాచారం ఒకేచోట ఉన్నాయి. ఒక్క రోగినీ చూడకుండా, కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త జీన్ కనిపెట్టడం ఈరోజు మామూలు విషయం. జీన్‌ను వెతికి పట్టుకోవడమే మీ సరదా అయితే వైద్య డిగ్రీ కోసం ఏళ్లు ఖర్చుపెట్టడం అనవసరం. అది నేను గట్టిగానే చెబుతాను.

మరి డాక్టర్ చదువు ఎక్కడ అక్కరకొస్తుంది? దానికి మైకెల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌ల కథ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇద్దరూ డాక్టర్లే, ఇద్దరికీ పీహెచ్‌డీ లేదు. బోస్టన్‌లో ఒకే ఆసుపత్రిలో జూనియర్లుగా స్నేహం కుదిరింది. 1968లో ఇద్దరూ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్‌లో చేరారు. అక్కడ గోల్డ్‌స్టీన్ వార్డులో చూసింది పుట్టుకతోనే విపరీతమైన కొలెస్ట్రాల్ ఉన్న పిల్లలను. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ కాపీలూ వచ్చిన పిల్లలకు పసితనంలోనే గుండెపోటు రావచ్చు. అంత స్పష్టంగా ఒక్క జీన్ మీదకు వేలు చూపే జబ్బు అరుదు. ఇద్దరూ డాలస్ చేరాక, అలాంటి రోగుల చర్మకణాలను డిష్‌లో పెంచి, మామూలు కణాలతో పోల్చారు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను (కొలెస్ట్రాల్‌ను మోసే రేణువులను) పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్ అనే ప్రోటీన్ రోగుల కణాల మీద లేదని, లేదా పనిచేయడం లేదని 1970లలో తేల్చారు. 1985లో నోబెల్ వచ్చింది.

ఆ కథలో రెండు విషయాలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. ప్రశ్న వార్డులో పుట్టింది, పుస్తకంలో కాదు. రెండోది, ఎన్ఐహెచ్‌లో వాళ్లు బయోకెమిస్ట్రీని పైపైన తడమలేదు. గోల్డ్‌స్టీన్‌కు జెనెటిక్ కోడ్‌ను ఛేదించిన మార్షల్ నిరెన్‌బర్గ్ ల్యాబ్‌లో, బ్రౌన్‌కు ఎంజైముల మీద ఆరితేరిన ఎర్ల్ స్టాడ్‌ట్‌మన్ దగ్గర గట్టి శిక్షణ దొరికింది. డిగ్రీ ఇవ్వకపోయినా పీహెచ్‌డీకి తీసిపోని పని అది.

అదే డాలస్‌లో తర్వాతి తరం ఇంకో దారి చూపించింది. పీసీఎస్‌కే9 అనే జీన్ మరీ చురుగ్గా పనిచేస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుందని 2003లో ఫ్రెంచి కుటుంబాల ద్వారా బయటపడింది. హెలెన్ హాబ్స్, జొనాథన్ కోయెన్ దాన్ని తలకిందులు చేసి అడిగారు: ఆ జీన్ పనిచేయని వాళ్లున్నారా? డాలస్‌లో గుండె ఆరోగ్యం మీద సాగుతున్న ఒక పెద్ద సర్వేలో అలాంటివాళ్లు దొరికారు. ఆ మార్పు ఉన్న నల్లజాతీయుల్లో ఎల్‌డీఎల్ 28 శాతం, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువని ఇంకో పెద్ద అధ్యయనం ఆధారంగా 2006లో ప్రచురించారు. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే మందులు 2015లో మార్కెట్లోకి వచ్చాయి. హాబ్స్ డాక్టర్, పీహెచ్‌డీ లేదు. కోయెన్ పీహెచ్‌డీ, డాక్టర్ కాదు. రెండు చదువులు ఒక తలలో ఉండక్కర్లేదు, పక్కపక్క గదుల్లో ఉన్నా సరిపోతుందని దీన్ని చూస్తే అనిపిస్తుంది. కెరీర్ గురించి అడిగేవాళ్లలో ఈ నాలుగో దారిని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ.

జంట డిగ్రీలో పోయేది, వచ్చేది

వైద్యం, పీహెచ్‌డీ కలిపి చదివించే ప్రోగ్రాములకు ఎన్ఐహెచ్ 1964 నుంచి డబ్బు ఇస్తోంది. సాధారణంగా ఎనిమిదేళ్లు పడుతుంది. ఫీజు ఉండదు, స్టైపెండ్ వస్తుంది, కాబట్టి అప్పుల టెన్షన్ తక్కువ. ఇది చిన్న లాభం కాదు. కానీ ఆ తర్వాత రెసిడెన్సీ (ఆసుపత్రిలో స్పెషలిస్టు శిక్షణ), దాని మీద జెనెటిక్స్ శిక్షణ, మళ్లీ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ల్యాబ్ శిక్షణ). సొంత ల్యాబ్ చేతికొచ్చేసరికి నలభై దాటడం మామూలే.

మధ్యలో ఒక ఇబ్బంది ఉంది, బయటివాళ్లకు కనిపించదు. రెండేళ్లు వైద్యం చదివి, నాలుగేళ్లు ల్యాబ్‌లో గడిపి తిరిగి వార్డుకు వస్తే, తనతో చేరినవాళ్లు అప్పటికే సీనియర్లు. మందుల మోతాదులు మరిచిపోయి ఉంటారు, స్టెతస్కోపుకు చెవి అలవాటు తప్పి ఉంటుంది. చదువు ముగిసి రెసిడెన్సీలోకి వెళ్లాక ఈసారి ల్యాబ్ వైపు తుప్పు పడుతుంది. పీహెచ్‌డీలో నేర్చుకున్న పద్ధతి తిరిగి ల్యాబ్‌కు వచ్చేసరికి పాతబడి ఉండొచ్చు. రెండు పడవల మీద కాళ్లు అన్న సామెత ఈ వయసులో బాగా అర్థమవుతుంది.

అందుకే నా ఓటు ఎక్కువమంది విషయంలో మరో పద్ధతికి: ముందు డాక్టర్ కావడం, నాలుగైదేళ్లు రోగులను చూశాక ఏ జబ్బు నిద్ర పట్టనివ్వడం లేదో తెలుసుకోవడం, అప్పుడు కనీసం మూడేళ్లు వార్డు జోలికి పోకుండా ల్యాబ్‌లో కూర్చోవడం. పద్దెనిమిదేళ్లకో ఇరవై రెండేళ్లకో ఎంచుకున్న పీహెచ్‌డీ విషయం చాలాసార్లు గైడ్ చేతిలో ఉన్న ప్రాజెక్టు అయి ఉంటుంది. ముప్పైల్లో ఎంచుకున్నది మనది అవుతుంది. అయితే ‘శుక్రవారాలు రీసెర్చ్ చేస్తాను’ అనేది ఈ పద్ధతి కిందకు రాదు. కణాలకు మంగళవారం ఆహారం మార్చాలంటే మంగళవారమే మార్చాలి. శుక్రవారం దాకా ఆగవు.

దీనికి మినహాయింపు ఒకటి ఒప్పుకోవాలి. చికిత్సనే తన చేతులతో తయారుచేయాలనుకునేవాళ్లకు జంట డిగ్రీ నిజంగా పనికొస్తుంది. 2025లో ఫిలడెల్ఫియాలో సీపీఎస్1 అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన ఒక శిశువుకు, ఒంట్లో అమ్మోనియా పేరుకుపోయే ఆ జబ్బుకు, ఆ బిడ్డ డీఎన్‌ఏలోని తప్పుకే సరిపోయేలా జీన్ ఎడిటింగ్ మందు తయారుచేసి ఇచ్చారు. సుమారు ఆరు నెలల్లో. దాన్ని నడిపించిన కిరణ్ ముసునూరు, రెబెకా అహ్రెన్స్-నిక్లస్ ఇద్దరూ వైద్యం, పీహెచ్‌డీ రెండూ చేసినవాళ్లే. రోగి పరిస్థితి ఎంతసేపు ఆగుతుంది, జీన్‌ను మార్చే ఎడిటర్ ఏ అక్షరాన్ని ఎంత నమ్మకంగా మార్చగలదు, ఏ మోతాదుతో మొదలుపెట్టాలి అన్నవి ఒకే వారంలో ఒకదానితో ఒకటి ముడిపడే నిర్ణయాలు. రెండు భాషలూ రానివాళ్లకు అక్కడ ఆలస్యం తప్పదు. ఆ బృందంలో పీహెచ్‌డీలు, కంపెనీల ఇంజనీర్లు కూడా చాలామంది ఉన్నారన్నది వేరే సంగతి.

కుటుంబాలతో మాట్లాడటమే ఇష్టమైనవాళ్లకు జెనెటిక్ కౌన్సెలింగ్ ఉంది. రెండేళ్ల మాస్టర్స్, అమెరికాలో 1969 నుంచి ఉన్న చదువు. ల్యాబ్ తలనొప్పి లేదు, ఆ నడిమి వర్గం రిపోర్టును వివరించే పని మాత్రం రోజూ ఉంటుంది. క్లినిక్ దారినీ చిన్నచూపు చూడొద్దు. విక్టర్ మెక్‌కూసిక్ గుండె వైద్యుడిగా మొదలై, పీహెచ్‌డీ లేకుండానే వంశపారంపర్య లక్షణాల జాబితా 1966లో అచ్చువేశారు. ఈరోజు ఆన్‌లైన్‌లో దాని వారసురాలిని తెరవకుండా జెనెటిక్స్ డాక్టర్‌కు రోజు గడవదు.

డాక్టర్-సైంటిస్టు జాతి అంతరించిపోతోందని 1979లోనే జేమ్స్ విన్‌గార్డెన్ ఒక వైద్య పత్రికలో హెచ్చరించారు. అంతరించకపోవడానికి ఒక కారణం సమయాన్ని కాపాడే గ్రాంట్లు. కొత్తగా మొదలుపెట్టే డాక్టర్లకు ఎన్ఐహెచ్ ఇచ్చే కె-08 గ్రాంటు షరతు సాధారణంగా 75 శాతం సమయం పరిశోధనకే కేటాయించాలని. కాగితం మీద 75 రాసి ఉన్నా, క్లినిక్‌లో మనుషులు తక్కువైతే ముందు కోతపడేది దానికే. ల్యాబ్‌లో ఉన్న డాక్టర్ వల్ల ఆసుపత్రికి ఆదాయం రాదు కదా.

కాబట్టి ఈ ఉద్యోగానికి ఆఫర్ వచ్చినప్పుడు జీతం కన్నా ముందు అడగాల్సింది: పరిశోధన రోజున నా రోగి గురించి వార్డు నుంచి ఫోన్ వస్తే ఎవరు ఎత్తుతారు? విభాగాధిపతి ఒక డాక్టర్ పేరు చెప్పి, అది ఒప్పందంలో రాసిస్తే చేరొచ్చు. ‘అది అప్పుడు చూద్దాం’ అంటే, అక్కడ పూర్తికాలం క్లినిక్ డాక్టర్‌గా చేరడమో, ఇంకో చోట పూర్తికాలం పరిశోధన వెతుక్కోవడమో మేలు.