గృహహింస మీద లవ్ స్టోరీ అని డబ్బులు కట్టించుకుని ఏం చదివిస్తున్నారో చూడండి, జాగ్రత్త

సీరియల్స్ చదివే ఆ యాప్ ఏదో పేరు చెప్పక్కర్లేదు, ఫోన్ తెరిస్తే దాని యాడ్లే. అందులో ఇప్పుడు టాప్‌లో నడుస్తున్న కథ, "మొగుడి దెబ్బల నుంచి బయటపడి కొత్త జీవితం మొదలుపెట్టిన అమ్మాయి ప్రేమకథ" అని పైనే రాశారు. ఫ్రీ భాగాలు నిజంగా బాగున్నాయి. చేతి మీద కమిలిన చోటు కనపడకుండా ఎండాకాలంలో ఫుల్ హ్యాండ్స్ జాకెట్ వేసుకోవడం, అమ్మ ఫోన్ చేస్తే గొంతు సర్దుకుని మాట్లాడటం, అన్నీ మా అక్క పడ్డవే. అక్క ఆ ఇంట్లోంచి వచ్చేసి మాతోనే ఉంటోంది, తనకీ కథలంటే ప్రాణం, కాస్త ధైర్యంగా ఉంటుంది కదా అని సబ్‌స్క్రిప్షన్ కట్టి లాగిన్ తనకిచ్చాను.

డబ్బులు కట్టాక వచ్చే భాగాల్లో కథే మారిపోయింది. ప్రేమించిన స్కూల్ టీచర్‌ని ఎటో పంపించేశారు, పెద్దమనుషులు కూర్చుని అమ్మాయిని మళ్ళీ కాపురానికి పంపేశారు. అక్కడ అత్త "ఈ ఇల్లు నా పేరు మీదుంది, నీకేం హక్కుంది" అని బ్యాగ్ వీధిలో పడేస్తే ఈ పిల్ల వెళ్ళి మొగుడి కాళ్ళు పట్టుకుంటుంది. వాడు లేపి, ముందు రోజు రాత్రి తను కొట్టిన చెంప మీదే ముద్దు పెట్టి "ప్రేమ ఎక్కువై చెయ్యి చేసుకున్నానే" అంటాడు. కింద కామెంట్లలో అందరూ హార్ట్ సింబల్స్. అక్క అది చదివి ఫోన్ నా చేతిలో పెట్టి "వాడూ అచ్చం ఇదే మాట అనేవాడు" అంది. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

అసలు ఆ ఇల్లు సీనే పెద్ద అబద్ధం. 2005 గృహహింస చట్టం ప్రకారం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఉంది, ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా సరే, అత్తమామల పేరు మీదున్నా సరే అని సుప్రీంకోర్టు కూడా 2020లో చెప్పింది. కొట్టడమే కాదు, రోజూ తిట్టడం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో హింసే. అలాంటి ఇంట్లో ఉండి దొంగచాటుగా ఈ కథ చదివే ఆడపిల్ల ఏం నేర్చుకుంటుంది, కాళ్ళు పట్టుకోవడమేనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మందికి పైగా ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం తప్పు కాదన్నారు. ఇలాంటివి ప్రేమ అని అమ్ముతుంటే అనరా మరి!

ఇదంతా రివ్యూలో రాస్తే తీసేశారు. రీఫండ్ అడిగితే "నచ్చకపోతే చదవకండి మేడమ్, డబ్బులు వెనక్కి రావు" అని చాట్ కట్ చేశారు. నచ్చకపోవడం కాదండీ, పైన రాసింది ఒకటి, లోపల అమ్మింది ఇంకొకటి, నేనడిగింది అది.

కట్టేముందు లేటెస్ట్ భాగాల కింద కామెంట్లు, ముఖ్యంగా తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్ళవి చదవండి. ఇలాంటి ఇంట్లో ఎవరైనా ఉంటే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 కి ఫోన్ చెయ్యమనండి, రాత్రీ పగలూ పనిచేస్తుంది. సబ్‌స్క్రిప్షన్ ఇప్పటికే కట్టినవాళ్ళు యాప్ తీసేస్తే సరిపోదు, మీ యూపీఐలోకి వెళ్ళి ఆటోపే కూడా క్యాన్సిల్ చెయ్యండి, లేకపోతే వచ్చే నెల మళ్ళీ కట్ అవుతాయి.