నారు వేళ్లకు ఏది మేలు: వెలుతురా, చీకటా?

పోయినేడు మృగశిర కార్తెలో మిరప గింజలు ప్రోట్రేలో (నారు పోసే గళ్ల ట్రేలో) పెట్టి, పైన తడి గోనెపట్టా కప్పి, నాలుగో రోజున బంధువుల పెళ్లికి ఊరెళ్లాను. రెండు రోజుల్లో వచ్చేద్దామనుకున్నది వారమైంది. వచ్చి పట్టా ఎత్తితే గింజలన్నీ మొలిచే ఉన్నాయి. కానీ ఆ మొలకలు తెల్లదారాల్లా సాగి, ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. తల మీద పసుపుబొట్టంత ఆకు. ఒకదాన్ని మెల్లగా పైకి లాగి చూశాను. పైన కాడ వేలెడుంది, కింద వేరు గోరంతే.

పక్కింటి పిన్నిగారు చూసి, "వేరుండేది మట్టిలోనే కదమ్మా, చీకటైతే దానికేం నష్టం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మిద్దెతోట మొదలెట్టి ఆరేళ్లయినా ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

అందుకని మూడు గాజు గ్లాసులు తీసుకున్నాను. లోపల తడిపిన టిష్యూ కాగితం చుట్టి, గాజుకీ కాగితానికీ మధ్య ఒక వైపు ఆవాలు, ఇంకో వైపు పెసలు ఇరికించాను. ఒక గ్లాసు బీరువాలో పెట్టాను. రెండోదాన్ని కిటికీ దగ్గర పెట్టి, అడుగు నుంచి అంచు దాకా నల్ల కాగితం చుట్టాను, అంటే ఆకుకి వెలుతురు, వేరుకి చీకటి. మూడోది కూడా కిటికీ దగ్గరే, కానీ దానికి ఏ చుట్టూ లేదు.

వారం తర్వాత బీరువాలోది చూస్తే అచ్చం నా మిరప నారే. ఆవాల కాడలు అంచు దాటి వంకర తిరిగాయి, వేళ్లు మాత్రం మొదట్లో కాస్త దిగి అక్కడే ఆగిపోయాయి. నల్ల కాగితం గ్లాసులో కాడ పొట్టిగా, గట్టిగా ఉంది, ఆకులు పచ్చగా విచ్చుకున్నాయి, వేళ్లు గ్లాసు అడుగు తాకి చుట్టు తిరుగుతున్నాయి. మూడో గ్లాసులో వేళ్లు బాగానే పోయాయి కానీ రెండోదాని అంత పొడుగు లేవు. పైగా ఆవాల వేళ్లు నిటారుగా దిగకుండా కిటికీకి ఎడంగా, గది వైపుకి ఏటవాలుగా నడిచాయి. ఎండలోంచి నీడకి జరిగే మనిషిలా! తెల్ల ఆవాల వేళ్లు వెలుతురుకి దూరంగా వంగుతాయని చార్లెస్ డార్విన్ 1880లోనే రాశాడని తర్వాత తెలిసింది.

పెసల సంగతి వేరు. బీరువాలో కూడా వాటి వేళ్లు ఆవాల కంటే చాలా దూరం పోయాయి. కారణం గింజలోనే ఉంది. పెసర బద్దల్లో తిండి దండిగా నిలవుంటుంది, దాంతో కొన్నాళ్లు గడుస్తుంది. ఆవగింజకి, మిరప గింజకి అంత లేదు. ఉన్న కొంచెం తిండినీ మొలక ముందు కాడకే పెడుతుంది. చీకట్లో ఉందంటే తానింకా మట్టి కిందే ఉన్నానన్న లెక్క, ఎలాగైనా పైకొచ్చి వెలుతురు అందుకోవాలి. వేరు సంగతి తర్వాత.

మరి వెలుతురు ఆకు మీద పడితే ఆ సంగతి వేరుకి ఎలా తెలుస్తుంది? జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆవాల కుటుంబానికే చెందిన ఆరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద దీన్ని వెతికి 2012లో ప్రకటించారు. మొలక తొలి ఆకులు వెలుతురులో చక్కెర తయారుచేస్తాయి, అది కాడ గుండా వేరు కొసకి దిగుతుంది, వేరు సాగడానికి ఆ చక్కెరే పిలుపు. 2016లో ఇంకో సంగతి బయటపడింది. హెచ్‌వై5 అనే ప్రోటీన్ పై భాగం నుంచి వేరు దాకా ప్రయాణం చేసి, వేరు పెరగడానికీ, మట్టిలోంచి నైట్రేట్ అనే పోషకం లాగడానికీ తోడ్పడుతుంది. చీకట్లో మొక్క ఈ హెచ్‌వై5ని నిలవనివ్వదు, ఎప్పటికప్పుడు చెరిపేస్తుంది. పిన్నిగారికి జవాబు అప్పుడు చెప్పగలిగాను: వేరుకి వెలుతురు కావాలి, కానీ అది ఆకు గుండా రావాలి.

మూడో గ్లాసుని మాత్రం పూర్తిగా తీసిపారేయలేం. 2015లో స్పెయిన్ శాస్త్రవేత్తలు పైన వెలుతురు, కింద చీకటి ఉండేలా డీ-రూట్ అని ఒక ఏర్పాటు చేసి పోల్చి చూశారు. వెలుతురు నేరుగా తగిలిన వేరు పొట్టిదైంది, పిల్లవేళ్లు మాత్రం ముందే పుట్టుకొచ్చాయి. కాబట్టి పారదర్శక ప్లాస్టిక్ గ్లాసుల్లో నారు పోసేవాళ్లు భయపడనక్కర్లేదు, నారు చావదు. నాకు అక్కడ చికాకు పాచితోనే. తడి, వెలుతురు రెండూ ఉంటే గ్లాసు లోపలి గోడంతా పచ్చగా పట్టేస్తుంది, మనీప్లాంట్ సీసా సంగతి అందరికీ తెలిసిందే. గ్లాసు చుట్టూ పాత న్యూస్‌పేపర్ చుడితే చాలు. వేరు ఎంత పోయిందో చూడాలనిపిస్తే కాగితం జరిపి చూసుకోవచ్చు, నల్ల ట్రేలో ఆ సుఖం లేదు. ఫెలనాప్సిస్ లాంటి ఆర్కిడ్లకైతే వేళ్లే పచ్చగా ఉండి వెలుతురు తాగుతాయి, వాటికి పారదర్శక కుండీయే నయం.

ఇక కప్పడమా, కప్పకపోవడమా? మొలిచేదాకా కప్పే ఉంచుతాను. నర్సరీల్లో కూడా విత్తనం పెట్టాక ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ షీటు చుడతారు. తడి ఆరదు, వెచ్చగా ఉంటుంది, గింజలన్నీ ఒకేసారి లేస్తాయి. వెంటనే పరిచేస్తే పైనున్న కోకోపీట్ (కొబ్బరిపొట్టు) మధ్యాహ్నానికే ఎండి, కొన్ని మొలిచి కొన్ని మొలవక టెన్షన్. అయితే తొలి మొలక తల ఎత్తిన రోజే ట్రేలు విడదీసి షేడ్‌నెట్ కింద పరచాలి. టమాటా అయితే నాలుగైదు రోజులకే తొంగిచూస్తుంది, మిరపకి వారం దాకా పట్టొచ్చు. రోజూ పొద్దున్నే ఒకసారి పట్టా ఎత్తి చూడ్డమే పని. సాగిన నారుని ఒక్కసారిగా ఎండలో పెట్టినా నిలవదు, ఆ తడిలోనే ఉంచితే నారుకుళ్లు పట్టుకుంటుంది. నా మిరపలో సగానికి పైగా అలాగే పోయింది.

ఇంతకీ నేను వెళ్లిన ఆ పెళ్లిలో లోపలి గదిలో పాలికలు పెట్టారు. నవధాన్యాలు లేతపసుపు రంగులో ఎంత అందంగా మొలిచాయో! కార్యం అయ్యాక వాటిని నీళ్లలో కలిపేస్తారు, వేరుతో ఎవరికీ పనిలేదు. అక్కడ నీడే మేలు.

ఈ ఏడు పిన్నిగారి టమాటా నారు వంటింటి గట్టు మీద ఉండి సాగిపోయింది. "పారెయ్యమంటావా?" అని అడిగారు. వద్దన్నాను. టమాటా కాడకి ఒక గుణముంది, తడిమట్టిలో పూడిస్తే కాడ పొడుగునా వేళ్లు వేస్తుంది. పై ఆకులు మాత్రం బయటికి కనపడేలా మెడ దాకా పాతించాను. మిరపకి ఆ పని అంతగా చేతకాదు, దానికి నేను మళ్లీ గింజలే పెట్టుకున్నాను.