డాబా మీది వాన నీళ్లు: రెండు డ్రమ్ములతో మా అనుభవం

మాది కనిగిరి వైపు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాచినా అది పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వాన నీటితో ఆ బెడద లేదు కాబట్టి తాగడానికీ వంటకీ డాబా మీద పడ్డ వాననే సంపులోకి పట్టుకుంటున్నాం. కొన్నేళ్లుగా నడుస్తున్న ఏర్పాటే. రెండు నీలం డ్రమ్ములు, నాలుగంగుళాల పీవీసీ పైపు, ఇసుక, కంకర, అంతే.

అందరూ ఫిల్టరు గురించే అడుగుతారు. నన్నడిగితే సగం పైగా పని చేసేది మొదటి వానను పారబోసే డ్రమ్మే.

డాబా నుంచి దిగే పైపుకి ‘టీ’ జాయింటు (T ఆకారంలో పక్కకి ఒక దారి ఉండేది) పెట్టించాం. నీళ్లు ముందు నేరుగా కిందున్న 200 లీటర్ల డ్రమ్ములోకి పోతాయి. దానికి మూత బిగుతుగా ఉండాలి. అది నిండాక పైపులోని ప్లాస్టిక్ బంతి పైకి తేలి రెడ్యూసర్ (పైపుని సన్నం చేసే ముక్క) మూతికి అడ్డం పడుతుంది. అక్కడి నుంచి నీళ్లు పక్క పైపులోంచి ఫిల్టరుకి వెళ్తాయి. మా డాబా సుమారు 1000 చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. మిల్లీమీటరు వానకి 93 లీటర్లు. కాబట్టి మొదటి 2 మిల్లీమీటర్లు ఈ డ్రమ్ముకే. మా వైపు పడే వానకి అంత వదులుకోవాలా అనిపిస్తుంది. తొలకరి వానకి ఆ డ్రమ్ము కుళాయి తిప్పి చూస్తే ఆ బాధ పోతుంది. డికాషన్ రంగు నీళ్లు, అందులో పావురాల రెట్ట, వేపాకు, ఎండాకాలం ఆరబోసిన మిరపకాయల గింజలు. అవి మొక్కలకి పోస్తాం.

వాన వెలిశాక డ్రమ్ము దానంతటదే ఖాళీ కావాలని అడుగున సన్నటి బెజ్జం పెట్టాం. దీంతో వచ్చే తలనొప్పల్లా అదే. బురదతో పూడుకుపోతే డ్రమ్ము నిండుగానే ఉండిపోయి, వారం తర్వాతి వాన తెచ్చే మురికంతా నేరుగా ఫిల్టరులోకి పోతుంది. అందుకే పైపుకి ఒక పిన్నీసు కట్టి ఉంచాం.

రెండో డ్రమ్మే ఫిల్టరు. అందులో అడుగున కంకర, మధ్యలో నైలాన్ మెష్, పైన దొడ్డు ఇసుక. తేట నీరు వచ్చేదాకా ఇసుక కడిగే వెయ్యాలి. వానాకాలానికి ముందు పై పొర గీకి మళ్లీ కడుగుతాం. మొదట్లో బొగ్గు కూడా వేసేవాళ్లం. ఎప్పటికప్పుడు మార్చకపోతే దాంతో లాభం లేదు, మానేశాం.

ఇసుక మట్టిని ఆపుతుంది కానీ క్రిములన్నిటినీ ఆపదు. అందుకని 1000 లీటర్లకి 2.5 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, తేరుకున్నాక పైనున్న తేట నీళ్లే సంపులో పోస్తాం. కనీసం అరగంట ఆగాలి. పౌడర్ తాజాది తీసుకోండి, తెరిచి పెట్టింది సత్తువ పోతుంది. ఆ వాసన మా అత్తయ్యకి గిట్టదు, తన నీళ్లు ముందురోజే బిందెకి పట్టి పెట్టుకుంటారు. అప్పుడప్పుడు హెచ్‌టూఎస్ సీసాలో (నీళ్లలో మలం తాలూకు క్రిములున్నాయేమో చూసే పరీక్ష సీసా) నీళ్లు పోసి చూస్తాం. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మళ్లీ బ్లీచింగే. వెలుతురు పడితే నాచు పడుతుంది, సందు దొరికితే దోమలు గుడ్లు పెడతాయి. కాబట్టి సంపు మూత ఎప్పుడూ వేసే ఉంటుంది, ఓవర్‌ఫ్లో పైపుకి మెష్ ఉంటుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. వాయుగుండం వానలప్పుడు ఇసుక అన్ని నీళ్లని దింపలేదు, ఫిల్టరు డ్రమ్ము పైనుంచి పొర్లిపోతుంది. సరిగ్గా నీళ్లు పట్టుకోవాల్సిన రోజునే ఇలా అవుతుంది. కొత్తగా పెట్టుకునేవాళ్లు ఫిల్టరుకి ఎత్తు డ్రమ్ము కాకుండా వెడల్పాటి సిమెంటు తొట్టి చూసుకోండి.