కేబుల్ బాక్సు నుంచి కంప్యూటర్‌కి: చవక క్యాప్చర్ స్టిక్‌తో నా అనుభవం

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో మా లోకల్ కేబుల్ ఛానెల్ వేసే లైవ్‌ను దాచుకోవాలనే, కేబుల్ బాక్సు బొమ్మనూ ధ్వనినీ కంప్యూటర్‌లోకి రికార్డు చేసే ఈ యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ కొన్నాను. గరుడసేవ తప్పిపోతే ఎస్వీబీసీ వాళ్ల యూట్యూబ్‌లో చూసుకోవచ్చు. బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం మా వీధుల్లో తిరిగే ఆ గంటలు మాత్రం అప్పుడు పోతే పోయినట్టే. కొన్నేళ్లుగా వాడుతున్నాను. పెట్టిన డబ్బుకు తగ్గ వస్తువే, కానీ తగిలించగానే పనిచేసే రకం కాదు. దీన్ని తిట్టుకుంటూ మూలన పడేసినవాళ్లలో చాలామందికి అడ్డొచ్చింది సెట్టింగులేనని నా నమ్మకం.

బాక్సు దగ్గరే మొదటి చిక్కు. కొత్త బాక్సుల్లో మూడు రంగుల రంధ్రాలుండవు, ఇయర్‌ఫోన్ పిన్ లాంటి ఒకే ఏవీ రంధ్రం ఉంటుంది. వైరులో ఏ తీగ దేనికన్నది కంపెనీని బట్టి మారుతుంది. వేరే బాక్సు వైరు పెడితే బొమ్మ రాదు, బుర్రుమని శబ్దం వస్తుంది. స్టిక్‌లో బొమ్మ కోసం ఉండే పసుపు రంధ్రంలో పసుపు పిన్ బదులు ఎరుపు పిన్ పెట్టి చూడండి, ఒక్కోసారి బొమ్మ అందులో వస్తుంది. లేదంటే మీ బాక్సుకు సరిపడే వైరు కేబుల్ అబ్బాయినే అడగాలి.

బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చి పైకీ కిందికీ దొర్లుతుంటే రికార్డు చేసే ప్రోగ్రామ్ ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ పద్ధతిలో ఉందన్నమాట. మన దేశంలో వాడేది పాల్: కనపడే గీతలు 576, సెకనుకు 25 ఫ్రేములు. నేను వాడే ప్రోగ్రామ్ ఉచితంగా దొరికే ఓబీఎస్. అందులో వీడియో స్టాండర్డ్ పాల్-బి, రిజల్యూషన్ 720x576 పెట్టగానే రంగులొచ్చాయి. అప్పటికీ వేషగాళ్లు పరుగెత్తినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు పడేవి. సిగ్నల్ ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేము సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో వస్తుంది కాబట్టి అలా అవుతుంది. ఓబీఎస్‌లోని డీఇంటర్‌లేసింగ్ సెట్టింగ్‌లో యాడిఫ్ అనేది ఎంచుకుంటే పోతాయి.

స్టిక్ కనపడుతూ తెర మాత్రం నల్లగా ఉంటే విండోస్ ప్రైవసీలో కెమెరా అనుమతి చూడండి. స్టిక్‌ను విండోస్ కెమెరాగానే లెక్కేస్తుంది. ధ్వని రాకపోతే మైక్రోఫోన్ అనుమతి కూడా చూడాలి. ఇక ఒకే పోర్టును నాలుగైదుగా పంచే యూఎస్‌బీ హబ్ జోలికి పోవద్దు. కుదించని వీడియో సెకనుకు 20 ఎంబీ పైనే లాగుతుంది. అదే హబ్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కూడా ఉంటే ఫ్రేములు ఎగిరిపోతాయి. ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చాలి.

ధ్వనిలో సన్నటి హోరు నన్ను బాగా యాష్టపెట్టింది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది, పెడితే మళ్లీ మొదలు. కేబుల్ ఎర్తుకీ ఇంటి ఎర్తుకీ పొసగక వచ్చే గోల అది. ఇప్పుడు బ్యాటరీ మీదే రికార్డు చేస్తున్నాను. మే నెల ఎండల్లో కరెంటు పోవడం మామూలే కదా, బాక్సు ఆగినా ల్యాప్‌టాప్ ఆగదు. ఫైలు మాత్రం ఎమ్‌కేవీ అనే ఫార్మాట్‌లోనే రాయించండి. మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోయినా అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది. మామూలు ఎంపీ4 అయితే మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. బిట్‌రేటు 4000 కేబీపీఎస్ పెడితే గంటకు 1.8 జీబీ దాకా అవుతుంది.

హెచ్‌డీఎంఐ స్టిక్ కొనాల్సింది అని మా బావమరిది ఇప్పటికీ అంటాడు. ఆయన స్టిక్‌లో కెమెరా బొమ్మ చక్కగా వచ్చింది, మా కేబుల్ బాక్సు పెడితే తెర నలుపే. అది స్టిక్ లోపం కాదు. హెచ్‌డీసీపీ అనే రక్షణతో బాక్సు సిగ్నల్‌కు తాళం వేసి పంపుతుంది, తాళంచెవి టీవీ దగ్గరే ఉంటుంది. మా లోకల్ ఛానెల్ ఎలాగూ ఎస్‌డీనే, పసుపు వైరుతో నాకు పెద్దగా పోయిందేమీ లేదు. బాక్సులోనే పెన్‌డ్రైవ్‌కి రికార్డు చేస్తే సరిపోదా అంటారేమో, చాలా బాక్సుల్లో ఆ ఫైలు ఆ బాక్సులో తప్ప ఇంకెక్కడా ఆడదు.

ఇప్పటికీ తీరని లోపం ఒకటుంది. రికార్డింగ్ గంటలకొద్దీ సాగితే బొమ్మలో డప్పు దెబ్బ ఒకచోట, దాని శబ్దం ఇంకోచోట పడుతుంది. ధ్వని శాంపిల్ రేటు అన్నిచోట్లా 48 కిలోహెర్ట్జ్ పెట్టాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అందుకే ఓబీఎస్‌లో గంటకో ఫైలుగా విడగొట్టిస్తున్నాను. క్రికెట్‌ను హెచ్‌డీలో దాచుకోవాలనుకునేవాళ్లకు ఈ స్టిక్ పనికిరాదు.