సీడెడ్ మీడియాతో ఉప్పునీటి ట్యాంకు: హనుమకొండలో రెండు ఎండాకాలాల తర్వాత

హనుమకొండలో ఉప్పునీటి ట్యాంకు పెట్టానంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న, సముద్రపు నీళ్లు ఎక్కడివని. అది పెద్ద సమస్యే కాదు. ఆర్వో నీళ్లలో లీటరుకు 35 గ్రాములకు కాస్త పైన మెరైన్ సాల్ట్ (అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు) కలిపి, నీటి సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.025 చూపిస్తే చాలు. అసలు తిప్పలు బ్యాక్టీరియాతో. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మార్చాలి. ఇవి కొత్త ట్యాంకులో తమంతట తాము కుదురుకోవాలంటే నెలా నెలన్నర పడుతుంది. ఉప్పునీటి పీహెచ్ 8 పైనే ఉంటుంది కాబట్టి అందులో అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. అందుకే వేరేచోట నడుస్తున్న ట్యాంకులో నాని, బ్యాక్టీరియా పట్టిన సిరామిక్ రింగులను ఫిల్టర్‌లో వేసి మొదలుపెట్టాను. వీటినే సీడెడ్ మీడియా అంటారు. నాది రెండడుగుల ట్యాంకు, 55 లీటర్లు, రెండు క్లౌన్ చేపలు.

పద్ధతి పనిచేస్తుంది. కాకపోతే ఆ రింగులు ఎక్కడ నానాయన్నదే అసలు సంగతి. ఇక్కడ ఒక షాపులో సీడెడ్ మీడియా అని చూపించినవి గోల్డ్‌ఫిష్ తొట్టిలోవి. ఇదేంటని అడిగితే, "బ్యాక్టీరియా ఏడున్నా బ్యాక్టీరియానే గద సార్" అన్నాడు. కాదు. మంచినీళ్లలో పెరిగిన వాటిని ఒక్కసారిగా అంత ఉప్పులో వేస్తే చాలావరకు దెబ్బతింటాయి, వెంటనే పనిచేయవు. ఆ డబ్బుకు కొత్త రింగులే వస్తాయి.

ఉప్పల్‌లో ఉండే మా బావకు పాత ఉప్పునీటి ట్యాంకు ఉంది. కొత్త రింగులు కొనిచ్చి, నెల పైనే ఆయన ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో (సంపు) వేయించాను. తీసుకొచ్చే రోజు ఆ ట్యాంకు నీళ్లు కూడా క్యాన్‌లో పడదామనుకుంటే, "నీళ్లెందుకురా బామ్మర్దీ? ఉన్నదంతా ఆ రింగులకే అతుక్కొని ఉంటది" అన్నాడు. నిజమే, ఈ బ్యాక్టీరియా పొరలా గోడలకు పట్టుకునే రకం, నీళ్లలో తేలేది చాలా తక్కువ. రింగులను మూత ఉన్న డబ్బాలో వేసి, సగం వరకే ఆ ట్యాంకు నీళ్లు పోసి, మిగతా సగం గాలికి వదిలి హనుమకొండ బస్సెక్కాను. డబ్బా నిండా నీళ్లు పోసి బిగిస్తే లోపల ఆక్సిజన్ అయిపోతుంది. ఇంటికొచ్చి మూత తీస్తే తడి మట్టి వాసన రావాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అవి పనికిరావు.

పాలకు తోడు వేసినట్టే అనుకుంటారు చాలామంది. తోడు చుక్క వేస్తే తెల్లారేసరికి గిన్నె మొత్తం పెరుగవుతుంది. ఈ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికే మంచి పరిస్థితుల్లో కూడా ఒక పూటో, ఒక రోజో పడుతుంది. కాబట్టి గుప్పెడు రింగులు తెచ్చి ఒకేసారి ఆరు చేపలు వదిలితే తట్టుకోలేవు. నేను ముందు చేపలు లేకుండానే, బ్యాక్టీరియాకు మేతగా అమ్మోనియం క్లోరైడ్ వేసి అమ్మోనియాను 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములు) తెచ్చాను. మరునాడు అమ్మోనియా టెస్ట్ గొట్టంలో రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు దిగింది, అంటే అమ్మోనియా పోయినట్టే. నైట్రైట్ గొట్టం మాత్రం ఇంకొన్నాళ్లు ఊదారంగులోనే ఉండి టెన్షన్ పెట్టింది. అది లేత నీలానికి వచ్చాకే, అంటే నైట్రైట్ కూడా పోయాకే మొదటి చేప, దాని తర్వాత కొన్ని వారాలకు రెండోది. గోధుమరంగు నాచు మాత్రం మామూలుగానే వచ్చి పోయింది. దాన్ని సీడెడ్ మీడియా ఆపదు.

మొదలుపెట్టడం కన్నా నిలబెట్టుకోవడమే కష్టం. మే నెలలో ఇక్కడ బయట 43 డిగ్రీలు. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఉప్పునీళ్లలో మొదటే తక్కువ. చేపలతో పాటు ఈ బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. గాలివానకు లైన్లు తెగి కరెంటు గంటల తరబడి పోతే, మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ లోపల ఊపిరాడక కుళ్లు మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ మురుగంతా ట్యాంకులోకే. అందుకే నేను అంచుకు తగిలించే ఫిల్టరే వాడుతున్నాను. కరెంటు పోయిందంటే రింగుల జాలీ సంచి తీసి ట్యాంకులో వేలాడదీసి, పక్కనే బ్యాటరీ ఎయిర్ పంపు పెడతాను. చల్లదనానికి నీళ్ల మీదికి చిన్న ఫ్యాను ఉంది. రెండు మూడు డిగ్రీలు దించుతుంది కానీ, నీళ్లు కూడా అంతే జోరుగా ఆవిరవుతాయి. తగ్గిన మేరకు ఉట్టి ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పు అక్కడే ఉంటుంది.

రింగులను నల్లా కింద కడగొద్దు, క్లోరిన్ చంపేస్తుంది. నీళ్లు మార్చేటప్పుడు తీసిన ఉప్పునీళ్లలోనే, అదీ ఒకసారి సగం రింగులనే ముంచి తీయాలి. నైట్రేట్‌ను ఇవి తగ్గించవు, వారానికో పది శాతం నీళ్లు మార్చక తప్పదు.

బ్యాక్టీరియాతో పాటు ఇంకేం వస్తుందో కూడా చూసుకోవాలి. నాకు కొన్ని నెలల తర్వాత ఒక రింగు మీద గోధుమరంగు చిన్న పువ్వులా ఐప్టేసియా విచ్చుకుంది. అది కుట్టే జీవి, వదిలేస్తే ట్యాంకంతా పాకుతుంది. ఆ రింగును అట్లాగే తీసి పారేశాను. రింగులు ఇచ్చేవాళ్లను రెండు విషయాలు అడగండి: ఈమధ్య చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చిందా, ట్యాంకులో రాగి మందు వాడారా? ఆ జబ్బు తెచ్చే క్రిమి గుడ్లలాంటి తిత్తుల్లో వారాల తరబడి రింగులకు అంటుకొని ఉంటుంది. రాగి అయితే తర్వాత తెచ్చే రొయ్యలనూ నత్తలనూ చంపేస్తుంది.

సీసాలో అమ్మే బ్యాక్టీరియాతో జబ్బుల భయం లేదు. తెలిసినవాళ్ల దగ్గర ఉప్పునీటి ట్యాంకు లేనివాళ్లకు అదే దిక్కు. కొనేటట్టయితే తేదీ చూసి చలికాలంలో తెప్పించుకోండి. మే నెలలో కొరియర్ వ్యానులో ఉడికి వచ్చిన సీసాను మాత్రం నేను నమ్మను.